టైపు టీచరుగారి పాస్‌వర్డ్

లోవలక్ష్మిగారి చేతి స్కేలు దెబ్బ తినకుండా సీతాఫల్‌మండిలో టైపు పాసైన మనిషిని ఎవరైనా చూపిస్తే, వాళ్ళింటిల్లిపాదికీ ఊరికే బట్టలు కుట్టిపెడతాను. ఇంత ధైర్యంగా ఎందుకంటున్నానంటే, అలాంటి మనిషి లేడని నాకు తెలుసు. నేనూ తిన్నాను. దెబ్బ ఏమంత తగిలేది కాదు. తగిలాక తలెత్తి చూస్తే ఆవిడ ముఖం ఉండేదే, దాంతో ప్రాణం పోయేది.

"కిందికి చూడకు!"

ఆవిడ నేర్పిన మొదటి పాఠం అదే, ఆఖరి పాఠమూ అదే. మిషన్ మీద అక్షరాలు కనబడకుండా నల్లగుడ్డ కప్పేవారు. చేతులు గుడ్డ కింద, కళ్ళు పక్కనున్న కాగితం మీద. ఏ వేలు ఎక్కడికి వెళ్ళాలో వేలికే తెలియాలి, కంటికి తెలియకూడదు. దొంగచాటుగా గుడ్డ ఎత్తామో, ఠప్పున స్కేలు పడేది.

ఆవిడది తుని. పెళ్ళికి ముందే ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసయ్యారు. భర్త సన్యాసిరాజుగారికి సికింద్రాబాద్ స్టేషన్‌లో, పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం. కాపురానికి వచ్చి ఆర్నెల్లు గోడలు చూస్తూ కూర్చుని, ఇక లాభం లేదని ముందుగదిలో టైపు మిషన్లు పెట్టించేశారు. అన్నవరం సత్యదేవుడి పేరు మీద సత్య టైప్ ఇన్‌స్టిట్యూట్. అది పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, తర్వాత దాంతో పని ఉంది.

నా పేరు శేషారత్నం. మాకూ వాళ్ళకీ మధ్య ఒకటే గోడ. అవతల వాళ్ళ టైపు మిషన్లు, ఇవతల నా కుట్టుమిషను. ఆ చప్పుడు ఆగితే మా పిల్లలు నిద్రలో లేచి కూర్చునేవారు. నేనూ సరదాకి నేర్చుకుని లోయర్ పాసయ్యాను. పాసై చేసిందేముంది, జాకెట్లు కుట్టుకుంటున్నాను. అయినా ఇప్పటికీ బస్సులో కూర్చుంటే ఒళ్ళో వేళ్ళు వాటంతటవే ఆడతాయి.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలంతా అమీర్‌పేట కంప్యూటర్ సెంటర్ల దారి పట్టారు. సాయంత్రం అయితే వరండా నిండా ఉండే చెప్పులు సగమయ్యాయి, ఆ తర్వాత రెండు జతలయ్యాయి, ఒక రోజు అవీ లేవు. మిషన్లు ఒక్కొక్కటే పాత ఇనుము బండి ఎక్కుతుంటే లోవలక్ష్మిగారు లోపలికి వెళ్ళి పంపు తిప్పి గిన్నెలు తోమేవారు. తోమాల్సిన గిన్నెలు లేకపోయినా తోమేవారు. ఆఖరి మిషన్‌ని మాత్రం ఇవ్వలేదు. పాత దుప్పటి కప్పి మూల పెట్టుకున్నారు.

"నా వేళ్ళింకా రిటైరవ్వలేదే రత్నం," అనేవారు నాతో. నవ్వుతూనే అనేవారు గానీ కళ్ళు ఆ మూలకే వెళ్ళేవి.

రెండువేల ఆరులో ఆ వేళ్ళకి మళ్ళీ కబురొచ్చింది. సైనిక్‌పురిలో ఒక చిన్న కంపెనీ. ఎక్కడో దేశాల్లో డాక్టర్లు రోగుల సంగతులు నోటితో చెబితే, అవి విని ఇక్కడ టైపు చేసి పంపాలి. ఇంట్లో కూర్చునే చేయొచ్చు. ఆవిడ వెళ్ళి అక్కడి కీబోర్డు మీద చేతులు పెట్టారట. పక్క కుర్చీల్లో పిల్లలంతా తమ పని ఆపేసి ఆవిడ చేతులకేసి చూశారట. ఈ సంగతి ఆవిడ నాకు మూడుసార్లు చెప్పారు, నేను మూడుసార్లూ కొత్తగానే విన్నాను. ఇక ఒక్క పరీక్షే మిగిలింది. ఇంట్లో సొంత ఇంటర్నెట్ పెట్టుకుని, వాళ్ళు పంపిన ఫైలు విని, టైపు చేసి, శనివారం సాయంత్రం ఐదులోపల అందులోనే తిప్పి పంపాలి. పంపితే పని వచ్చినట్టు. పంపలేకపోతే ఆ కుర్చీ కోసం ఎదురుచూసేవాళ్ళు బోలెడుమంది.

కూతురు భానుప్రియ చదువుకోసం కొన్న కంప్యూటర్ ఇంట్లో ఉంది. కావలసింది బ్రాడ్‌బ్యాండ్. దాన్ని పెట్టడానికి లూకా వచ్చాడు. బొల్లారం వైపు కుర్రాడు, భుజాన వైరు చుట్ట, నోటినిండా మాటలు.

"అమ్మా, గీ డబ్బాకు పచ్చలైట్లు వెలిగినయంటే మంచిగున్నట్టు. గీ లైటు ఆరిందనుకో, నాకు ఫోన్ కొట్టుండ్రి, ఉరికొస్త. పరేషాన్ గాకుండ్రి," అన్నాడు. "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటరు? జెర గుర్తుండేది చెప్పుండ్రి."

ఆవిడ ఆలోచించలేదు. సత్య అని ఇంగ్లీషు అక్షరాల్లో, దాని వెనకే ఎనభై ఒకటో సంవత్సరం, నాలుగంకెలూ. ఆవిడ చెబుతుంటే లూకా ఒక్క వేలితో, కోడి గింజ ఏరుకున్నట్టు, ఒక్కో అక్షరం వెతికి పొడిచాడు. టీచరుగారి బాధ చూడాలి. నా చెవిలో, "మిగతా తొమ్మిది వేళ్ళూ అద్దెకిచ్చేసేడేటి?" అన్నారు. నాకు నవ్వాగలేదు.

లైట్లు వెలిగాయి, నెట్టు వచ్చింది. రాజుగారి పేరే యూజర్ నేమ్. పాస్‌వర్డ్‌ని కంప్యూటర్లోనే దాచిపెట్టే వీలుందని లూకా అన్నాడు గానీ ఆవిడ ఒప్పుకోలేదు. రోగుల సంగతులు కనక ప్రతిసారీ చేత్తోనే కొట్టాలని కంపెనీవాళ్ళు ఒట్టు పెట్టించుకున్నారు. పైగా మీటరు తిరుగుతుందని పని కాగానే ఆపేయడం. అంటే వాడినప్పుడల్లా లాగిన్ అవ్వాలన్నమాట.

లూకా లేచాడు. టీచరుగారు కూర్చున్నారు. వీపు నిటారుగా, మోచేతులు ఒంటికి ఆనించి, కళ్ళు ఎదురుగా. పది వేళ్ళూ ఒక్కసారి గలగలమన్నాయి. పాస్‌వర్డ్ తప్పని వచ్చింది.

మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పంది. లూకా కూర్చుని పొడిచాడు. తెరుచుకుంది.

"చూసిండ్రా, మంచిగనే ఉన్నది," అనేసి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి మొదలైంది చోద్యం. కూతురు కొడితే తెరుచుకుంటుంది. ఆవిడ కొడితే తెరుచుకోదు. రాజుగారు డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే, రెండు వేళ్ళతో తడుముకుంటూ కొట్టారు. తెరుచుకుంది! ఆయనకి పట్టపగ్గాల్లేవు.

"పెళ్ళయిన కొత్తలో నన్నూ కూచోబెట్టేవు కదా నీ మిషన్ ముందు? రెండో రోజే పారిపోయేను. అయినా నన్ను చూసి తలుపు తీసింది చూడు. దానికి మనుషుల విలువ తెలుసును," అన్నారు మీసం దువ్వుకుంటూ.

"సాల్లెండి సంబడం," అన్నారావిడ. కానీ ముఖం చిన్నబోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేం డబ్బా, దీని పొగరేంటి? నేను కూర్చుని కొట్టాను. టీచరుగారి పరువు నిలబెడదామని చూడకుండా, స్కేలు దెబ్బలు తిని నేర్చుకున్న తీరులోనే కొట్టాను. నాకూ తెరుచుకోలేదు. దాంతో ఆవిడ నమ్మకం ఇంకా గట్టిపడింది. శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆ మోడెమ్ డబ్బాకి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. టైపు మిషన్లకి దసరాకి అలాగే పెట్టేవారు. దాని నెత్తిన ఒక బంతిపువ్వు కూడా. పచ్చలైట్లు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతున్నాయి. సాయంత్రం భాను లాగిన్ అయి పరీక్ష ఫైలు దింపి, కంప్యూటర్లో పెట్టి ఇచ్చింది.

శనివారం పొద్దున్నుంచీ లోవలక్ష్మిగారు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చున్నారు. గోడ అవతల నుంచి టకటకలు వినబడుతుంటే నాకూ హుషారొచ్చి కుట్టుమిషను జోరుగా తొక్కేశాను. చాలా కాలానికి ఆ గోడకి రెండు వైపులా పని నడిచింది. మధ్యాహ్నానికి ఆవిడ పూర్తి చేసేశారు. ఇక లాగిన్ అయి పంపడమే.

భానుకి కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష. రాజుగారు డ్యూటీలో ఉన్నారు. ఆవిడ కొట్టారు. తప్పంది. నన్ను పిలిచారు. ఇద్దరం మార్చి మార్చి కొట్టాం. తప్పు, తప్పు, తప్పు.

లూకాకి ఫోన్ చేశాను. "అమ్మా, అల్వాల్‌ల స్తంభం మీదున్న. దిగి వచ్చేసరికి ఆరైతది," అన్నాడు. కస్టమర్ కేర్‌కి ఆవిడే చేస్తే ఒక అమ్మాయి చాలా మర్యాదగా, "లైన్ బానే ఉంది మేడం. మీరు పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నారు," అంది.

అంతే. నేను ఫోన్ లాక్కునేలోపే టీచరుగారు లేచారు.

"తప్పు కొట్టడమా? నేనా? ఎంతమంది తప్పులు దిద్దేనో తెలుసునా నీకు? మీ ఆఫీసులో పెద్ద టైపిస్టులకి అక్షరం ముక్క నేర్పింది నేనై ఉంటాను, కనుక్కో!"

ఆ అమ్మాయి పాపం, "ఇంకేమైనా సహాయం కావాలా మేడం?" అంది. ఈవిడ ఫోన్ పెట్టేశారు. పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు.

"వీధిలో నెట్ సెంటరుకి పోదామా?" అన్నాను.

"రోగుల సంగతులు బయట తెరవనని మాటిచ్చేను కదే." కంప్యూటర్ వైపు చెయ్యి చూపించి అన్నారు, "ఊరుకో రత్నం. దానికి కావలసింది ఈ కాలం చేతులు. ఒంటి వేలు లూకాని రానిస్తోంది, నన్ను గడప తొక్కనీటం లేదు. ఇంక నేను పనికిరానని ఎంత మర్యాదగా చెబుతోందో చూడు."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. ఊరికే చేతులు చూసుకున్నారు. నన్ను గడగడలాడించిన మనిషి అలా కూర్చుంటే నేను తట్టుకోలేకపోయాను. నాకు ఏడుపొస్తే ముందు కోపంగానే వస్తుంది. గబగబా వెళ్ళి మూలనున్న మిషన్ మీద దుప్పటి లాగి పారేశాను. దుమ్ముకి ఇద్దరం తుమ్మాం.

"తప్పు మన వేళ్ళదా, ఆ డబ్బాదా? ఇప్పుడే తేలిపోవాలి. కంప్యూటర్లో చుక్కలు తప్ప ఏమీ కనబడవు. దీనిమీద కొట్టండి, కాగితం మీద కనబడుతుంది!"

"నీకు పిచ్చా?"

"పిచ్చే. కొట్టండి."

కాగితం ఎక్కించారు. రిబ్బను ఎండిపోయింది గానీ అక్షరాలు పడ్డాయి. సత్య, పంతొమ్మిది వందల ఎనభై ఒకటి. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

"చూసేవా? సరిగ్గానే కొట్టేను!" అన్నారు. ముఖంలోకి కొంచెం కళ వచ్చింది.

"అయితే లూకా రానీ, వాడి పని చెబుతాను. మెల్లిగా ఇంకోసారి కొట్టండి. ఏ అక్షరానికి ఏ మీట నొక్కామో వాడికి అప్పగించి మరీ తిడతాను."

ఆవిడ మెల్లిగా కొట్టారు. నేను వంగి పైకి చదివాను. ఎస్, ఎ, టి, వై, ఎ. "ఇప్పుడు ఒకటి," అన్నాను. ఆవిడ కుడిచేతి ఉంగరపువేలు ఉన్నచోటనే కిందికి దిగి లేచింది. కాగితం మీద ఒకటి పడింది.

"టీచరుగారూ, అదేంటి, వేలు పై వరసకి వెళ్ళలేదే?"

"పైకెందుకెళ్తాదే?"

"అంకెలన్నీ పైనే కదా?"

"ఒకటి ఉండదే తల్లీ. నీకు నేర్పలేదేటి? ఈ మిషన్లకి రెండు నుంచే మొదలు. ఒకటి కావాలంటే ఇంగ్లీషు చిన్న ఎల్లు కొట్టుకోడమే, రెండూ ఒకలాగే పడతాయి కదా, అంచేత..."

ఆవిడ ఆగిపోయారు. నేనూ ఆగిపోయాను.

ఇద్దరం ఒక్కసారే వెనక్కి తిరిగి కంప్యూటర్ కీబోర్డు కేసి చూశాం. పై వరసలో, రెండుకి ఎడమపక్కన, ఒకటి అంకె మాకేసి చూస్తూ కూర్చుంది.

"ఎన్నాళ్ళనించీ ఉందే ఇది ఇక్కడ?" అన్నారు లోవలక్ష్మిగారు.

ఎప్పటినుంచో ఉంది. మేమే చూడలేదు. కిందికి చూడకూడదు కదా మరి! టైపు రాని లూకా చూసి పొడిచాడు, రాజుగారు చూసి తడుముకున్నారు, భాను కంప్యూటర్ మీదే నేర్చుకుంది, వాళ్ళకి తెరుచుకుంది. స్కేలు దెబ్బలు తిన్న నేనూ, కొట్టిన ఆవిడా ఒకటి దగ్గర ఎల్లు కొట్టి, ఆ డబ్బాని తిట్టాం. ఆ సంగతి నేను మరిచిపోయినా నా వేళ్ళు మరిచిపోలేదు. నవ్వుతో నాకు పక్కలు పట్టేశాయి. ఆవిడా నవ్వారు, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా. ఈసారి తుడుచుకున్నారు.

ఆవిడ కూర్చుని, మెడ వంచి, కళ్ళతో చూసి, చిటికెనవేలితో ఒకటి నొక్కారు. తెరుచుకుంది. నేను వేసిన కేకకి వీధిలో కూరల బండివాడు ఆగి చూశాడు.

"ఇంక పంపేయండి, టైమవుతోంది!" అన్నాను.

ఆవిడ చెయ్యి కదల్లేదు. మధ్యాహ్నం కొట్టిన ఫైలు కేసే చూస్తున్నారు.

"రత్నం, ఆ ఫైలంతా నేనే కొట్టేను."

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ ఫైలు నిండా అంకెలే. మందు పది మిల్లీగ్రాములు, జ్వరం నూటొకటి, వయసు అరవై ఒకటి. ఒకటి ఉండాల్సిన ప్రతిచోటా ఒకటి లేదు, ఎల్లు ఉంది.

"చూడ్డానికి ఒకలాగే ఉన్నాయి. ఎవరు కనిపెడతారు, పంపేయండి!" అన్నాను. నాకు ఐదు కొట్టేస్తుందన్న భయం తప్ప ఇంకేమీ లేదు.

"కనిపెట్టకపోతే మరీ ప్రమాదం కదే. మందు మోతాదు అది. ఎవరో ఒంట్లోకి వెళ్ళేది. పంపను." అని కుర్చీ ముందుకి లాక్కున్నారు. "స్కేలు తీసుకో."

"ఏంటి?"

"ఈ ఉంగరపువేలు నా మాట వినదు. పాతికేళ్ళ అలవాటు. అటు వెళ్ళిందంటే కొట్టు."

బీరువా మీద స్కేలు ఇంకా ఉంది. తీసుకున్నాను. ఆవిడ ఒక్కొక్క అంకె దగ్గరికి వెళ్ళి చెరిపి కొడుతుంటే నేను వెనకాల నిలబడ్డాను. వేలు పాతచోటుకి వెళ్ళినప్పుడల్లా ఠప్పున వేశాను. వేసి అరిచాను కూడా.

"కిందికి చూడండి!"

చెప్పొద్దూ, నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ లేదు. అయితే ఆఖరికి వచ్చేసరికి కొట్టాల్సిన పని లేకపోయింది. ఆవిడ పైనుంచి కిందిదాకా ఇంకోసారి చదివారు. తప్పులు దిద్దేటప్పటి పాత కళ్ళు అవి, ఏదీ తప్పించుకోదు. నేను గడియారం కేసి చూస్తూ గోళ్ళు కొరుక్కున్నాను. ఐదుకి కొంచెం ముందు ఫైలు వెళ్ళింది. వెళ్ళిందని తెరమీద రాగానే ఆవిడ నా చేతిలోంచి స్కేలు తీసుకుని బీరువా మీద పెట్టేశారు.

ఆరింటికి లూకా రొప్పుతూ వచ్చాడు. సంగతి విని నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "గిదా అమ్మా? నేను లైన్ల ఏందో తక్లీఫ్ ఉన్నదని పరేషాన్ అయితున్న!" అన్నాడు. ఆవిడ వాడికి రెండు గుప్పెళ్ళ చేగోడీలు పెట్టి, ఒంటి వేలితో కొట్టడం మానమని మాత్రం చెప్పి పంపారు.

సోమవారం సైనిక్‌పురి నుంచి ఫోన్ వచ్చింది. అందరికంటే వేగంగా కొట్టినందుకు తీసుకుంటారేమో అనుకున్నాం. వాళ్ళు వేగం సంగతే ఎత్తలేదట. అంకెల్లో ఒక్క తప్పూ లేని ఫైలు ఇదొక్కటే అన్నారట. ఫోన్ పెట్టేసి ఆవిడ గోడ మీద తట్టి నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి కీబోర్డు మీద ఒకటి అంకె పక్కనే ఎర్రటి బొట్టుబిళ్ళ అంటిస్తున్నారు.

"ఆ పాడు లాగిన్ శనివారం పొద్దున్నే తెరుచుకుని ఉంటే ఏమయ్యేదే?" అన్నారు. ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. ఎల్లులతోనే పంపేసి ఉండేవారు.

తర్వాత ముందుగది మళ్ళీ నిండింది. ఈ పని నేర్చుకుంటామని చుట్టుపక్కల ఆడపిల్లలు వచ్చారు. ముందు ఒక కంప్యూటర్, తర్వాత మూడు. పాస్‌వర్డ్ మార్చేశారు లెండి, అందుకే పాతది మీకు చెప్పేశాను. వరండాలో చెప్పుల వరస మళ్ళీ మా గుమ్మం దాకా వస్తోంది. కీబోర్డుల చప్పుడు పాత మిషన్ల చప్పుడంత లేదు, గోడకి చెవి పెడితే తప్ప వినబడదు. నేను అప్పుడప్పుడు పెడుతుంటాను.

మొన్న ఒక కొత్తపిల్ల మొదటిరోజు వచ్చి కూర్చుంది. ఎవరో ముందే చెప్పి పంపినట్టున్నారు, భయంతో మెడ బిగించి, కళ్ళు ఎదురు గోడమీద పెట్టుకుంది. టీచరుగారు స్కేలు పట్టుకుని వెనకాల వచ్చి నిలబడ్డారు. జాకెట్టు ఇవ్వడానికి వెళ్ళిన నేను గుమ్మంలోనే ఆగి విన్నాను.

"ముందు ఒకసారి కిందికి చూడమ్మా," అన్నారావిడ. "అన్నీ ఎక్కడున్నాయో చూసుకో. తర్వాత ఎత్తుదువు గాని తల."